వెచ్చటి ఇంజను

ఏ బండి ముందు నిలబడినా ఏసుదాసు మొదట ఎడమచేతి వెనుకభాగం ఇంజను మీద ఆనించేవాడు. ఊరు అడగడం, ఏమైందని అడగడం, అన్నీ ఆ తర్వాతే. అరచెయ్యి కాదు. అరచేతికి కాయలు కాశాయి, దానికి వేడి తెలియదు. చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని నాలుగు ఊపిరులు ఆగేవాడు. భార్య మార్త పొయ్యి మీది నుంచి అన్నం గిన్నె దించితే దాని మీదా అట్లాగే పెట్టేవాడు.

"గది గిన్నె. మోటరు గాదు" అనేది మార్త.

వికారాబాదులో స్టేషను నుంచి బజారుకు పోయే దారిలో అతని రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. అవసరం రాలేదు.

ఈ పని నేర్పింది తాండూరు మొగులప్ప. 1948 చివరలో, మిలిటరీ లారీలు ఇంకా రోడ్ల మీద తిరుగుతున్న రోజుల్లో, ఇరవై ఏళ్ళ ఏసుదాసు దౌల్తాబాదు నుంచి నడిచి తాండూరు చేరాడు. తండ్రి యోహాను ఒక పటేలు దగ్గర జీతగాడు. కొడుకు ఆ పొలంలోకి దిగనన్నాడు. నాపరాళ్ళ గనులకు పోయే దారి పక్కన మొగులప్ప షెడ్డు. రాళ్ళ లారీలన్నీ అక్కడ ఆగేవి. మొగులప్ప అతని కులం అడగలేదు. చేతులు చూపమన్నాడు. తిప్పి చూసి, ఎడమ చెయ్యి పట్టుకుని ఆగి ఉన్న లారీ ఇంజను మీద పెట్టాడు.

"ఏం ఎరకైంది?"

"ఎచ్చగున్నది."

"ఆగి ఎంతసేపైంది?"

ఏసుదాసు చెప్పలేకపోయాడు.

"గది చెప్పిననాడు నువ్వు మేస్త్రివి" అన్నాడు మొగులప్ప.

అది చెప్పడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో ఇంకొకటి కూడా నేర్చుకున్నాడు. పాత ఇంజను కొనేవాడు దాన్ని చల్లగా ఉండగా చూడాలి. అరిగిపోయిన ఇంజనులో పిస్టన్లు సిలిండరు గోడలకు కొట్టుకుంటాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ చప్పుడు టకటకమని వినపడుతుంది. వేడెక్కితే లోహం ఉబ్బి చప్పుడు అణిగిపోతుంది. అందుకని అమ్మేవాడు, కొనేవాడు రాకముందే ఇంజనును కాసేపు తిప్పి ఆపుతాడు.

"ముసలి ఇంజన్ పొద్దుగాల దగ్గుతదిరా" అనేవాడు మొగులప్ప. "దగ్గినంక చూపిస్తే పెండ్లికొడుకు లెక్క కూసుంటది. నువ్వు దగ్గకముందే పోవాలె."

ఆ పనిలో ఒక మర్యాద కూడా ఉండేది. ఉస్తాదు బిగించి మూసిన ఇంజనును శిష్యుడు విప్పి చూడడు. విప్పితే ఉస్తాదును దొంగ అన్నట్టు. ఈ మాట ఎవరూ నోటితో చెప్పరు. షెడ్డులో ఏడాది ఉన్నవాడికి దానంతట అదే తెలుస్తుంది.

1953లో ఏసుదాసు వికారాబాదులో సొంత షెడ్డు వేసుకున్నాడు. మొగులప్ప తన పానాల్లోంచి ఒక జత తీసి ఇచ్చాడు. ఐదేళ్ళు బాగానే గడిచాయి.

*

మర్పల్లి పటేలు ఇంట్లో మూడో కొడుకు జనార్దన్. అన్నలిద్దరూ పొలాలు, తగాదాలు చూసుకునేవారు. అతనికి చూసుకోవడానికి ఏమీ మిగల్లేదు. హైదరాబాదులో ఒక నవాబు ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన ఎం.జి. కారు కొన్నాడు. పరుగు కోసం చేసిన బండి. పొడవాటి ముక్కు, తీగచక్రాలు, పైన గుడ్డ కప్పు. రెండే సీట్లు. ఎర్ర రంగు వెలిసి ఇటుక రంగులోకి వచ్చింది.

"దీంట్ల ఎన్ని బస్తాలు పడ్తయిరా?" అని పెద్దన్న అడిగేవాడు. నెలకొకసారి, నలుగురూ ఉన్నప్పుడు.

కారు ఏసుదాసు దగ్గరికే వచ్చేది. బాగుచేశాక జనార్దన్ అతన్ని పక్కసీట్లో కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పేవాడు. మొదటిసారి ఏసుదాసు వద్దన్నాడు, వెనకాల నడిచి వస్తానన్నాడు.

"ఎనక జాగా ఏడున్నది? ఉన్నయే రెండు సీట్లు. కూసో" అన్నాడు జనార్దన్.

అట్లా ఒకనాడు మర్పల్లి బజారులోంచి కూడా పోయారు. పటేలు కొడుకు పక్కన జీతగాడు యోహాను కొడుకు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మాట ఆపి చూశారు. ఏసుదాసు మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చేతులు వాటి మధ్య దాచుకుని కూర్చున్నాడు. జనార్దన్ ఎవరినీ పట్టించుకోలేదు. ఆ సంగతి ఏసుదాసు ఇంట్లో చెప్పలేదు. కాని మరచిపోలేదు.

1958 ఎండాకాలంలో జనార్దన్ నీళ్ళు చూసుకోకుండా కారు నడిపాడు. ఇంజను పగిలింది. అతికితే నిలిచే పగులు కాదు.

"వేరే ఇంజన్ పెడ్దామా, అమ్మేద్దామా? నువ్వే చెప్పు" అన్నాడు జనార్దన్. "అమ్మితే మా అన్న తమాషా జేస్తడు. నువ్వు మంచిదన్న ఇంజన్ పెడ్దాం."

ఏసుదాసు నెల రోజులు దాని గురించే ఆలోచించాడు. కారుకు సరిగ్గా అదే ఇంజను కావాలంటే బొంబాయిలో వెతకాలి. రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. హైదరాబాదులో మిలిటరీవాళ్ళు అమ్మేసిన జీపు ఇంజను ఒకటి ఉంది. చల్లగా ఉండగా చూశాడు, గట్టిది. కాని పొడవు, బరువు ఎక్కువ. వెదురు బద్దలు కట్టి జీపు ఇంజను కొలతలో ఒక పంజరం చేశాడు. దాన్ని కారు ముక్కులోకి దించి చూశాడు. బానెట్ మూతపడలేదు. ముందు గోడ జానెడు కొయ్యాలి, స్ప్రింగులు మార్చాలి.

"జీపు ఇంజన్ నమ్మకమైంది పటేలా. కని ముక్కు కొయ్యాలె."

"ముక్కు కోసినంక ఇంకేమున్నది దీంట్ల?" అన్నాడు జనార్దన్.

అప్పుడు తాండూరు నుంచి కబురు వచ్చింది. కొడంగల్ దగ్గర బోల్తాపడిన ఒక మోరిస్ కారు ఇంజను మొగులప్ప దగ్గర ఉంది. మోరిస్ ఇంజను, ఈ కారు ఇంజను ఒక ఇంటివే. బోల్టులు అవే, గేరుబాక్సుకు అట్లాగే కూర్చుంటుంది. ఏమీ కొయ్యనక్కరలేదు. ఏసుదాసు వెదురు పంజరం విప్పి ఆ కొలతకు మళ్ళీ కట్టాడు. దించితే గూట్లో పెట్టినట్టు కూర్చుంది. నెల రోజుల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. అన్నీ కుదిరాయి, ఇక ఇంజను బాగుందా అన్నది ఒక్కటే మిగిలింది.

*

జనార్దన్, ఏసుదాసు రైల్లో తాండూరు వెళ్ళారు. మొగులప్ప షెడ్డు ముందు ఒకే ఒక్క లారీ ఉంది. అదీ చక్రాలు లేని లారీ. మొగులప్ప కళ్ళకు పొర కమ్మింది. చాలామంది లారీలవాళ్ళు స్టేషను దగ్గరి కొత్త షెడ్డుకు పోతున్నారు.

"బారప్పా, వికారాబాద్ మేస్త్రీ" అన్నాడు కన్నడం కలిపి, నవ్వుతూ. జనార్దన్‌కు స్టూలు తుడిచి వేశాడు. "ఏం పటేలా, మావోడు పని మంచిగ జేస్తుండా, పానాలు పారేసుకుంటుండా?"

"మీవోడు అన్నం గిన్నెకు గూడ జరం చూస్తడంట గద" అన్నాడు జనార్దన్.

ముగ్గురూ నవ్వారు.

ఇంజను చెక్క దిమ్మ మీద ఉంది. పక్కన పెట్రోలు డబ్బా, నీళ్ళ డబ్బా. తడిగుడ్డతో తుడిచి ఉంది.

"వారమైంది దీన్ని తిప్పక" అన్నాడు మొగులప్ప.

ఏసుదాసు ఎడమ చెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది.

ఎండ వేడి కాదు. ఎండ పైన ఉంటుంది, లోపల ఉండదు. ఇంజను ఆగి అరగంట అయింది. అంతకన్న ఎక్కువ కాలేదు.

అతను చెయ్యి తియ్యలేదు. కళ్ళు కూడా తెరవలేదు. జనార్దన్ స్టూలు కిర్రుమంది. ఒక్క మాట అంటే చాలు. చల్లారనిద్దాం ఉస్తాద్, రేపొస్తం. ఆ మాట పరాయి పటేలు ముందర ఉస్తాదును దొంగ అనడమే. ఆ ముసలి చేతులు స్టూలు తుడవడం అప్పుడే చూశాడు.

మొగులప్ప హ్యాండిలు వేశాడు. సగం తిప్పుకే ఇంజను అందుకుంది. వారం ఊరికే ఉన్న ఇంజను సగం తిప్పుకు అందుకోదు. సాఫీగా, మెత్తగా పాడింది.

"ఎట్లున్నది దాసు?" అన్నాడు జనార్దన్.

"మంచిగున్నది" అన్నాడు ఏసుదాసు. తర్వాత ఉస్తాదు వైపు తిరిగి, "మంచిగున్నది ఉస్తాద్" అని మళ్ళీ అన్నాడు.

మొగులప్ప తల ఊపాడు. ఇంజను ఆపి, గుడ్డతో మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

*

ఇంజను కారులో కూర్చుంది. మర్నాడు పొద్దున ఏసుదాసు ఒక్కడే షెడ్డు తెరిచి హ్యాండిలు వేశాడు. టకటకటక. నాలుగు సిలిండర్లలో రెండింటిది. మార్త లోపలి నుంచి తొంగి చూసి, "గదేంది, పండ్లు కొరుకుతున్నది?" అంది.

అప్పుడైనా చెప్పవచ్చు. కారు ఇంకా షెడ్డులోనే ఉంది. జీపు ఇంజను ఇంకా హైదరాబాదులోనే ఉంది. అతను బజారుకు పోయి, లారీలకు పోసే చిక్కటి ఆయిలు తెచ్చి పోశాడు. చప్పుడు తగ్గింది. ఎవరో ఇంకొక మేస్త్రీ అట్లా చేసి ఉంటే అతను ఆ మనిషితో మాట్లాడేవాడు కాదు.

జనార్దన్ వచ్చి విన్నాడు. "జర చప్పుడున్నది."

"కొత్తగ వచ్చింది గద పటేలా. కుదురుకోవాలె. ఆయిల్ మాత్రం రోజు చూడుండ్రి. రోజు."

"రోజెందుకు?"

"చూడుండ్రి" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

కారు ఆరు వారాలు తిరిగింది. వెనక నీలం పొగ వదులుతూ, ఆయిలు తాగుతూ తిరిగింది. ఆరో వారం జనార్దన్ భార్య సుమిత్రమ్మ మొదటిసారి ఆ కారు ఎక్కింది. నాలుగేళ్ళుగా భర్త అడుగుతున్నాడు, అత్త పోనివ్వలేదు. అనంతగిరి గుడికి అంటే కాదనలేకపోయింది. ఆ సంబరంలో జనార్దన్ ఆయిలు చూడలేదు.

గుట్ట ఎక్కుతుంటే ఆయిలు అయిపోయింది. బేరింగులు కాలి ఇంజను బిగుసుకుపోయింది. పట్టుచీర కట్టుకున్న మనిషి ఎండలో గుట్ట దిగి నడిచింది. కారును ఎద్దులబండి వెనక కట్టి వికారాబాదు బజారులోంచి లాక్కొచ్చారు. అది అంగడి రోజు. మర్పల్లివాళ్ళు కూడా ఉన్నారు.

"పటేలా, ఎడ్లకు జర పెట్రోలు పోయరాదుండ్రి!" అని ఎవడో అరిచాడు. అంగడంతా నవ్వింది.

షెడ్డు ముందు కారు ఆగింది. ఏసుదాసు బానెట్ ఎత్తి చూసి దించాడు. ఏం చెప్పాలో వెతుకుతుండగానే జనార్దన్ అన్నాడు:

"ముసలోడు మనల్ని ముంచిండు దాసు."

ఏసుదాసు తల వంచుకున్నాడు. అది ఒప్పుకున్నట్టే అయింది.

సుమిత్రమ్మ అరుగు మీద కూర్చుని పాదాలకు అంటిన తారు గీకుకుంటోంది. "నువ్వు ఫికర్ జెయ్యకు దాసన్నా" అంది. "పని నేర్పినాయనే మోసం జేస్తే నువ్వేం జేస్తవ్? నమ్మినందుకు నీ తప్పా?"

మార్త నీళ్ళ చెంబు తెచ్చి ఆమె పక్కన పెట్టింది. లేస్తూ భర్త ముఖం చూసింది. ఆ సాయంత్రం అతనితో మాట్లాడలేదు.

*

జనార్దన్ ఆ కథ ఎక్కడికి పోతే అక్కడ చెప్పాడు. స్టేషను హోటల్లో, తహశీలు ఆఫీసులో, మర్పల్లిలో. ప్రతిచోటా ముసలివాడు దొంగ, ఏసుదాసు అమాయకుడు. దారిన పోయేవాళ్ళు షెడ్డు ముందు ఆగి జాలి పడేవారు. "ఉస్తాదే గట్ల జేసిండా?" అనేవారు. అతను పానా తిప్పుతూనే ఉండేవాడు. పని ఎక్కువైంది. మోసపోయిన మనిషి మోసం చెయ్యడని జనం అనుకుంటారు.

నెల తర్వాత బీరన్న వచ్చాడు. తాండూరు రాళ్ళ లారీ డ్రైవరు. బ్రేకు బిగించేదాకా పక్కన కూర్చుని బీడీ కాల్చాడు.

"మీ ఉస్తాద్ కాడికి ఎవ్వరం పోతలేం దాసన్నా" అన్నాడు. "నీ ముచ్చట ఇన్నంక మా సేటు వద్దన్నడు. మిగిలిన నాలుగు లారీలు గూడ బందైనయి. షెడ్డు ఎత్తేస్తడంటున్నరు. మంచిగైంది. నీకే గట్ల జేసినోడు మాకు చెయ్యడా?"

ఏసుదాసు చేతిలో పానా కింద పెట్టాడు. మర్నాడు ఆదివారం. చర్చికి పోలేదు. తాండూరు రైలెక్కాడు.

మొగులప్ప షెడ్డు ముందు చక్రాలు లేని లారీ కూడా లేదు. అతను గోనెసంచి మీద కూర్చుని, మేకులు పెద్దవి ఒక డబ్బాలో, చిన్నవి ఒక డబ్బాలో వేస్తున్నాడు. కళ్ళతో కాదు, వేళ్ళతో.

"ఎవరు?"

"నేను ఉస్తాద్. దాసును."

మొగులప్ప ఏరడం ఆపలేదు. "కూసో."

ఏసుదాసు నేల మీద కూర్చున్నాడు. "లారీలు వస్తలెవ్వంట గద" అన్నాడు.

"వస్తలెవ్వు."

"నేను ఎవ్వరికి చెప్పలే ఉస్తాద్. పటేల్ చెప్పిండు."

"నువ్వు చెప్పలే. నాకెర్క. నువ్వు ఏం చెప్పలే." మొగులప్ప డబ్బా మూత పెట్టాడు. "ఆనాడు చెయ్యి పెట్టినవ్."

"పెట్టిన."

"ఎంతసేపైంది ఆగి?"

ఏసుదాసు ముప్ఫై ఏళ్ళవాడు. పదేళ్ళ కిందటి ప్రశ్న అది.

"అరగంట" అన్నాడు.

"అరగంట కాలే. ఇరవై నిముషాలు. రైలు కూత ఇని బందు జేసిన." మొగులప్ప పొర కమ్మిన కళ్ళతో అతని వైపు చూశాడు. "అందరికి గట్లనే జేస్తున్న నేను ఈ మధ్య. అలవాటైపోయింది. నువ్వని సోయి లేదు. నువ్వు చెయ్యి పెట్టినంక సోయి వచ్చింది. అగో, ఇప్పుడంటడు అనుకున్న. ఏం ముసలోడా, నాకే ఎచ్చటిది అంటగడ్తవా అని తిడ్తవనుకున్న. తిడితే నవ్వుదును. ముచ్చట అంతటితోని ఒడిసిపోతుండె. నువ్వు మంచిగున్నది ఉస్తాద్ అంటివి."

"పటేల్ ముందర నీ ఇజ్జత్ పోతదని..."

"నా ఇజ్జత్ నువ్వు కాపాడ్తివా?" మొగులప్ప గొంతు లేవలేదు. "బిచ్చగాడికి ఏసినట్టు ఏసినవ్. నన్ను తాండూర్ల అందరు దొంగ అంటున్నరు. అననీ. జేసిన గద. కని నువ్వు మంచిగున్నదన్ననాడు నాకనిపించింది, నేను ఇగ తిట్టుడుకు గూడ పనికిరాను అని."

ఏసుదాసు రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. చిక్కటి ఆయిలు పోసిన సంగతి చెప్పాడు. అది మొగులప్పకు తెలియదు. విని, మూత పెట్టిన డబ్బాను పక్కకు జరిపాడు.

"గది నేను నేర్పలే" అన్నాడు.

"నేర్పలే."

"పో. రైలు టైమైతది."

*

సోమవారం పొద్దున ఏసుదాసు షెడ్డు తెరవలేదు. మర్పల్లి పోయే మొదటి బండి ఎక్కాడు. ఎందుకని మార్త అడగలేదు. రొట్టెలు కట్టి ఇచ్చింది.

పటేలు ఇంటి వాకిట్లో జనార్దన్ వేపపుల్ల నములుతూ నిలబడి ఉన్నాడు. అన్నలిద్దరూ అరుగు మీద కూర్చుని జీతగాళ్ళకు పనులు చెబుతున్నారు.

"ఏం దాసు, గింత పొద్దుగాల? ఇంజన్ ఏమన్న దొరికిందా?"

"లేదు పటేలా." అతను దగ్గరకు వెళ్ళి నిలబడి చెప్పాడు. "ఆ ఇంజన్ ఆనాడు ఎచ్చగుండె. చెయ్యి పెట్టంగనే ఎరకైంది. మీరడిగితే మంచిగున్నదన్న. తెల్లారి చప్పుడు ఇన్న. చిక్కటి ఆయిల్ పోసి అణగ్గొట్టిన. ఉస్తాద్ నన్ను మోసం జెయ్యలే. మిమ్మల్ని నేను మోసం జేసిన."

జనార్దన్ నమలడం ఆపాడు. ముందు అతని ముఖం చూశాడు. తర్వాత అరుగు వైపు చూశాడు.

"మెల్లగ మాట్లాడు" అన్నాడు. "అన్న ఇంటడు. నిన్ను పక్కన కూసోబెట్టుకొని ఊరంత తిప్పిన నేను. ఇప్పుడు ఇది ఇంటే ఇగ జన్మంత అంటడు." పుల్ల పారేశాడు. "ముసలోడు జేసిండనే ఉండనీ. ఎట్లాగు అయిపోయింది. నువ్వు పో, మల్ల మాట్లాడుదాం."

ఏసుదాసు ఒక క్షణం నిలబడ్డాడు. పొమ్మన్నాడు, పోవచ్చు. వచ్చిన దారి వెనకాలే ఉంది.

అతను చెప్పులు విడిచి, వాకిలి దాటి, అరుగు ముందుకు వెళ్ళాడు. జీతగాళ్ళు తప్పుకున్నారు. పెద్దన్న తలెత్తి చూశాడు.

"పటేలా, మీతోని ఒక ముచ్చట చెప్పాలె" అన్నాడు. జీతగాళ్ళకు కూడా వినపడేంత గొంతుతో మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.